డ్రెస్సరు గారి పంచాంగం

మొన్న వేసవిలో నాకు హెర్నియా ఆపరేషన్ అయింది. డెబ్బై దాటినదాన్ని, అందులోనూ ముప్పై ఏళ్ళు నర్సు పని చేసినదాన్ని. ఇందులో భయపడాల్సిందేమీ లేదని ఇంట్లో అందరికీ ధైర్యం చెప్పాను. నాకు నేను మాత్రం చెప్పుకోలేకపోయాను. థియేటర్ బయట నన్ను పడుకోబెట్టినప్పుడు ఒక చిన్న నర్సమ్మాయి ట్రేలో సిరంజి పెట్టుకుని, గోడ గడియారం వంక చూస్తూ నా పక్కన నిలబడింది.

"ఇచ్చెయ్యమ్మా, ఎందుకాలస్యం" అన్నాను.

"ఇప్పుడే కాదు మామ్మగారూ. ఇది చీము పట్టకుండా ఇచ్చేది. కోత పెట్టే ముందు ఇవ్వాలి. మరీ ముందే ఇచ్చేస్తే ఆ టైముకి పవర్ తగ్గిపోద్ది" అంది.

నాకు నవ్వొచ్చింది. "దీని కోసం ఒకాయన పంచాంగం కొన్నాడే అమ్మాయ్" అన్నాను. మత్తు అప్పుడే తలకెక్కిందనుకుని ఆ పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మత్తు కాదు. పంతొమ్మిది వందల డెబ్బైల మధ్యలో, బెజవాడలో నేను కొత్తగా చేరిన ఆసుపత్రిలో ఆయన డ్రెస్సరు. నలభై మంచాలు, ఒక థియేటరు ఉన్న చిన్న ప్రైవేటు ఆసుపత్రి అది. ఆపరేషన్ అయినవాళ్ళ గాయాలు కడిగి, మందు వేసి, కట్టు కట్టడం ఆయన పని. ఆయనకో పేరుండేది కాని ఎవరూ వాడలేదు. డాక్టర్లకు 'డ్రెస్సర్', మాకు 'డ్రెస్సరు గారు', రోగులకు 'కట్లాయన'. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. ఎప్పుడూ మంచాల మీదికి వంగీ వంగీ నడుము ఆ వంపులోనే ఉండిపోయింది. లైసాల్ నీళ్ళలో నాని నాని వేళ్ళు తెల్లబడి, కొసలు పగిలి ఉండేవి.

ఆయన గాయం చూసే పద్ధతే వేరు. కట్టు విప్పకముందే వంగి, దాని దగ్గరగా ముక్కు పెట్టి, కళ్ళు మూసుకునేవాడు. తల కొద్దిగా పైకెత్తితే బాగున్నట్టు, పక్కకు తిప్పితే లోపల చీము ఉన్నట్టు. ఆ తర్వాత కట్టు విప్పి చూడటమన్నది మాబోటి నమ్మకం లేనివాళ్ళ కోసం. రోగిని పలకరించేవాడు కాదు, గాయాన్ని పలకరించేవాడు. "ఏవమ్మా, రాత్రి నిద్ర పట్టిందా? ఏంటి, మొహం ఎర్రగా ఉంది?" అని పొట్ట మీద కుట్లను అడిగేవాడు. రోగి తనననుకుని జవాబు చెప్పబోతే, "మిమ్మల్ని కాదండీ, ఈవిడని" అనేవాడు. నేను చేరిన కొత్తలో ఇదంతా చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేదాన్ని.

ఇంకో అలవాటు ఉండేది. ఏం అడిగినా వెంటనే తేల్చి చెప్పడు. గాయం పుచ్చుతుందో లేదో మూడో రోజుకు గాని తెలియదు కాబట్టి లోకంలో ఏ సంగతైనా మూడో రోజుకే తెలుస్తుందని ఆయన నమ్మకం. "వాన వస్తుందంటారా డ్రెస్సరు గారూ?" అంటే "మూడో రోజున చెప్తానండీ." "కొత్త మేట్రన్ మంచిదేనా?" "మూడో రోజున చెప్తాను."

ఆయన ఒంటరి. ఆ మాట ఇప్పుడు తేలిగ్గా రాశాను కాని, అప్పట్లో నాకు అలా తోచలేదు. పెళ్ళి సంబంధాలు వచ్చాయట. చేసే పని ఏమిటో చూసి వెళ్ళాక వాళ్ళు మళ్ళీ రాలేదట. ఏలూరు కాలవ పక్కన, గుణదల వైపు ఒక గదిలో ఉండేవాడు. చీము వాసన బట్టలకు కాదు, ఒంటికే పడుతుంది. ఎంత రుద్దినా ఒక పట్టాన వదలదు. మధ్యాహ్నం మేమంతా స్టోరు గదిలో చాప పరుచుకుని తింటుంటే ఆయన తన గిన్నె పట్టుకుని గుడ్డలు ఆరేసే దొడ్లోకి పోయేవాడు. పొమ్మని ఎవరూ అనలేదు, రమ్మని కూడా అనలేదు. నేనూ అనలేదు. ఆయన వాసన మా అన్నంలోకి వస్తుందేమోనని నాకూ ఉండేది.

నలుగురితో కలిసి ఆయన నోట్లో ఏదైనా పెట్టుకునేది నెలకొక్కసారే. వాళ్ళది ప్రొటెస్టంట్ సంఘం. నెలలో మొదటి ఆదివారం వాళ్ళ గుడిలో ప్రభువు బల్ల ఉంటుంది. ఒకే రొట్టె తుంచి అందరికీ పంచుతారు, ద్రాక్షరసం ఇస్తారు. శనివారం సాయంత్రం నుంచే ఆయన హడావుడి పడేవాడు. సున్నిపిండి, నిమ్మచెక్క, కుంకుడుకాయ, ఇవన్నీ ఆ ఒక్క స్నానానికి. సోమవారం డ్యూటీకి వచ్చినప్పుడు మొహం తేటగా ఉండేది. "నిన్న మా పక్కన పెద్దాయన కూర్చున్నాడమ్మా, దూరంగా జరగలేదు" అని ఒకసారి నాతో అన్నాడు. అంత చిన్న విషయం నాకెందుకు చెబుతున్నాడో ఆ రోజు నాకు అర్థం కాలేదు.

ఇక సూదిమందు సంగతి. అంతకుముందు పొట్ట ఆపరేషన్ అయినవాళ్ళకు, కోత అయ్యాక మొదలుపెట్టి వారం రోజులు రెండు పూటలా సూదులు పొడిచేవాళ్ళం. మనిషి పక్కకు తిరగడానికి వీల్లేకుండా పొడిచినా ముగ్గురిలో ఒకరికి చీము పట్టేది. మా సర్జన్ గారు విదేశీ పత్రికలు తెప్పించుకుని చదివే మనిషి. ఒక రోజు కట్లు మారుస్తుండగా జూనియర్ డాక్టర్లకు వివరించారు. కత్తి దిగే సమయానికి మందు రక్తంలో ఉండాలి. తర్వాత వారం రోజులు ఇచ్చినా దానికి సాటి రాదు. మరీ ముందు ఇస్తే కరిగిపోతుంది. కాబట్టి ఎవరి వంతుకు అరగంట ముందు వాళ్ళకు ఒక సూది, తర్వాత రెండు, అంతే. జూనియర్లు తలలూపారు. ట్రే పట్టుకుని నిలబడ్డ డ్రెస్సరు గారు విన్నారు.

రోగుల ఇళ్ళవాళ్ళు మాత్రం ఒప్పుకోలేదు. "మూడే సూదులా? మేం అంత కానివాళ్ళమా?" అని ఒక రైతు సర్జన్ గారి మీదే అలిగాడు.

రోగిని ఆపరేషన్‌కు తయారుచేసేది రాత్రి డ్యూటీ నర్సు కాబట్టి ఆ సూదీ ఆమె పనే, అంటే ఎక్కువగా నాదే. టెంపరరీ కాబట్టి నాకు పడేవన్నీ రాత్రులే. ఆపరేషన్లు సోమ, శుక్రవారాల్లో. నా డ్యూటీ ఏడింటికి అయిపోతుంది, సూదుల వేళ ఆ తర్వాతే. పగటి నర్సు వచ్చీ రాగానే "నాకు మిగిల్చి పోతున్నావా" అని దెప్పేది. ఆ దెప్పు పడలేక, లిస్టులో ఉన్న నలుగురికీ పొద్దున ఆరింటికే వరసగా పొడిచేసి, చార్టులో మాత్రం డాక్టరు గారి ఆర్డరులో ఉన్న వేళే, ఏడున్నర, ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర, పదిన్నర, రాసేసి చేతులు కడుక్కునేదాన్ని. మంచి పని చేస్తున్నాననుకున్నాను. గంటా గంటన్నర తేడాకి మందేమైపోతుంది అనుకున్నాను.

అసలు తేడా గంటా గంటన్నరతో పోయేది కాదు. మన జనం సంగతి తెలిసిందే. పొట్ట కోయించుకోవడానికి ఒప్పుకున్నారు గాని, రాహుకాలంలో కోయించుకోవడానికి ఒప్పుకోలేదు. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా. పైగా దుర్ముహూర్తం, వర్జ్యం రోజుకో తీరు. "ఇంకో గంట ఆగండి డాక్టరు గారూ, మా సిద్ధాంతి గారు చెప్పారు" అని స్ట్రెచర్‌కు అడ్డం నిలబడేవాళ్ళు. సర్జన్ గారు కూడా గొడవ ఎందుకని, పట్టింపులేని వాళ్ళను, అంటే క్రైస్తవులనూ సాయిబులనూ, ముందు తీసుకునేవారు. మిగిలినవాళ్ళు ఆరింటికి సూది వేయించుకుని పదకొండింటికి ఎక్కేవాళ్ళు, ఒక్కోసారి పన్నెండున్నరకు.

మూడు నెలలు గడిచాక వార్డులో ఒక వింత మాట పుట్టింది. ముందు ఎక్కిన క్రైస్తవులకు, సాయిబులకు గాయాలు శుభ్రంగా మానుతున్నాయి. తతిమ్మావాళ్ళకు చీము పడుతోంది. "మీ ప్రభువు మీవాళ్ళనే చూసుకుంటున్నాడండీ" అని ఒక పేషంటు డ్రెస్సరు గారితో పరిహాసమాడాడు. కంకిపాడు దగ్గర్నుంచి వచ్చిన ఒక రైతు భార్య ఆ మాట నిజమనుకుని, గాయం మానితే గుణదల మేరీ మాతకు కొబ్బరికాయ కొడతానని మొక్కుకుంది.

"మాది ఆ గుడి కాదమ్మా" అన్నాడాయన, ఆమె కట్టు విప్పుతూ. కట్టు పక్కన పడేసి, "ఇది దేవుళ్ళ తేడా కాదు. ఇంకేదో ఉంది. చూసి చెప్తాను" అన్నాడు.

ఆ కంకిపాడు ఆమెకు పిత్తాశయంలో రాళ్ళు తీశారు. శుక్రవారం లిస్టులో మొదటి పేరు ఆమెదే, ఎనిమిదింటికి. మామగారు వర్జ్యం చూసి, దుర్ముహూర్తం చూసి, రాహుకాలం చూసి, చివరికి పన్నెండు దాటాక గాని కోడల్ని కదలనివ్వలేదు. ఆరింటికి నేను వేసిన మందు ఆరు గంటలు ఆమె ఒంట్లో తిరిగి ఖాళీ అయి ఉంటుంది. నాలుగో రోజు చీము పట్టింది. ఎనిమిదో రోజున దగ్గితే కుట్లు తెగి పొట్ట విచ్చుకుంది. మళ్ళీ థియేటరు, మళ్ళీ కుట్లు. మూడు నెలలు మంచం మీదే ఉంది. మూడేళ్ళ పిల్లను చూపించడానికి తెస్తే, ఎత్తుకోవడానికి వీల్లేక మంచం పట్టీ మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. సర్జన్ గారు విసిగిపోయి, ఈ కొత్త పద్ధతి మన ఊరికి పనికిరాదు, ఇంకొన్నాళ్ళు చూసి పాత సూదులే మొదలుపెడదాం అన్నారు.

ఆ మాట అన్న తర్వాతి సోమవారం పొద్దున ఆరింటికి డ్రెస్సరు గారు వార్డులో కనిపించారు. ఆయన డ్యూటీ ఎనిమిదింటికి. గుమ్మంలో స్టూలు వేసుకుని గుడ్డలు చుడుతూ కూర్చున్నారు. నేను నలుగురికీ సూదులు వేయడం చూశారు. శుక్రవారం మళ్ళీ వచ్చారు. మళ్ళీ చూశారు. ఆ మర్నాడు నేను వెళ్ళిపోబోతుంటే మెట్ల దగ్గర ఆపారు.

"సిస్టరమ్మా, ఒకటి అడుగుతాను. అన్నం పొయ్యి మీంచి దించాక ఎంతసేపు వేడిగా ఉంటది?"

"ఓ అరగంట, ముప్పావుగంట" అన్నాను, ఏమిటీ ప్రశ్న అనుకుంటూ.

"మరి మీరు ఆరింటికి దించుతున్నారు. వాళ్ళు వడ్డించుకునేది పన్నెండింటికి."

అన్నమంటే సూదిమందని అప్పుడు తట్టింది. ఆయన గొంతులో నింద లేదు. గాయంతో మాట్లాడేటప్పుడు ఎలా మాట్లాడతాడో అలాగే మాట్లాడాడు. "చార్టులో ఏడున్నర అని ఉంది. హాజరు పట్టీలో మీరు ఏడింటికి ఇంటికెళ్ళినట్టు ఉంది. ఏడింటికి ఇంటికి పోయిన మనిషి ఏడున్నరకు సూదెట్టా వేసింది? రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తెలుస్తది. ఇంకా ఎవరూ పెట్టలేదు."

"మేట్రన్‌తో చెబుతారా?" అన్నాను. నాకు మొదట వచ్చిన ఆలోచన అది. కంకిపాడు ఆమె సంగతి తర్వాత వచ్చింది. ఈ క్రమం నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

"నేనెందుకు చెప్తానండీ. మీకు పర్మనెంట్ ఆర్డరు ఇంకా రాలేదు. ఇంటి దగ్గర మీ నాన్నగారు మంచంలో ఉన్నారంట గదా." ఒక నిమిషం తన వేళ్ళ వంక చూసుకున్నాడు. "ఇక మీదట సరిగా వేద్దాం. అంతే."

సరిగా వేయడమంటే, స్ట్రెచర్ కదలడానికి అరగంట ముందు వేయాలి. కాని ఆ స్ట్రెచర్ ఎప్పుడు కదులుతుందో ఎవరికి తెలుసు? ఇంటివాళ్ళను అడిగితే "ఎనిమిదింటికేనండీ" అనేవాళ్ళు. ఎనిమిదింటికి తాతగారు ఊరి నుంచి దిగి వర్జ్యం గుర్తు చేసేవాడు. రెండుసార్లు మోసపోయాక డ్రెస్సరు గారు వన్‌టౌన్‌లో పుస్తకాల కొట్టుకు పోయి గంటల పంచాంగం కొనుక్కొచ్చారు. గడియలతో తంటా లేకుండా గడియారం వేళలు వేసినది. అట్ట మీద వినాయకుడి బొమ్మ. దానికి కట్లు కట్టే పాత గాజుగుడ్డ ఒకటి అట్టగా వేసి, కట్ల సామాను ట్రే అడుగు అరలో, కత్తెరల పక్కన పెట్టుకున్నారు.

పంచాంగం చదవడం ఆయనకు రాదు. నన్నే అడిగి నేర్చుకున్నాడు. మా ఇంట్లో నాన్న చూస్తుంటే నాకు అబ్బిన కాస్త విద్య అలా పనికొచ్చింది. పది రోజుల్లో నన్ను మించిపోయాడు. పొద్దున్నే రోగి బంధువుల మధ్య కూర్చుని, "ఇవాళ వర్జ్యం తొమ్మిదీ పది దాకా ఉందండీ. తర్వాత రాహుకాలం వచ్చేలోపు గంటా ఇరవై నిమిషాలు మంచిది. మీరు అప్పుడే పంపిస్తారు గదా?" అనేవాడు. వాళ్ళు ఆశ్చర్యంతో తలూపేవాళ్ళు. అప్పుడు నా దగ్గరికి వచ్చి, "ఎనిమిదీ నలభైకి" అని ఒక్క మాట చెప్పి పోయేవాడు. నేను డ్యూటీ అయిపోయినా ఆపరేషన్ రోజుల్లో ఉండిపోయేదాన్ని. ఆ వేళకు సూది వేసి, ఉన్న వేళే చార్టులో రాసి, అప్పుడు ఇంటికి పోయేదాన్ని.

నెలన్నర తిరిగేసరికి గాయాలు అందరికీ ఒకే తీరున మానసాగాయి. ఆయన ముక్కు పెట్టి వాసన చూసి, తల పైకెత్తి, కట్టు విప్పకుండానే పక్క మంచానికి జరిగేవాడు. సర్జన్ గారు ఎంతో సంతోషించి, ఏ మందైనా మన వాతావరణానికి అలవాటు పడటానికి కొంత కాలం పడుతుందని జూనియర్లకు చెప్పారు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు, చూసుకుంటే నవ్వొస్తుందని.

ఆ సంతోషంలో ఒక చిక్కు వచ్చి పడింది. కట్లాయన వేళ పెడితే ఆపరేషన్ జయమే అని చుట్టుపక్కల ఊళ్ళలో మాట పాకింది. మనుషులు వచ్చి ఆపరేషన్‌కు ముహూర్తం పెట్టమనేవాళ్ళు. ఇబ్రహీంపట్నం నుంచి ఒకాయన గృహప్రవేశానికి అడిగాడు. "నాకు ఇళ్ళు తెలియవండీ, పొట్టలే తెలుసు" అని ఆయన చేతులు జోడిస్తే, వినయం కొద్దీ అంటున్నాడనుకుని ఇంకా పట్టుకున్నారు.

వాళ్ళ సంఘపెద్ద చెవిన అది పడకుండా ఎలా ఉంటుంది? మా ఆసుపత్రి ఆఫీసు సూపరింటెండెంటు కూడా ఆయనే. చెడ్డ మనిషి కాదు. నియమం మనిషి. ఒక రోజు నేను చార్టులు సర్దుతుండగా కట్ల గదిలోకి వచ్చి, ట్రే అడుగు అరలోంచి పంచాంగం తీసి, గాజుగుడ్డ అట్ట విప్పి, వినాయకుడి బొమ్మ చూశారు.

"ఇది మీదేనా?"

"నాదేనండీ."

"మీకెందుకిది?"

"వేళ చూసుకోటానికండీ."

"దేనికి వేళ?"

డ్రెస్సరు గారు నా వంక చూడలేదు. ఆ గదిలో నేనున్నానన్న సంగతే తెలియనట్టు, చేతిలో ఉన్న దూదిని చిన్న చిన్న ఉండలు చేస్తూ నిలబడ్డారు. నా చేతిలో చార్టులు ఉన్నాయి. పై చార్టు కంకిపాడు ఆమెది. నోరు తెరిస్తే సరిపోయేది.

"చెప్పలేనండీ" అన్నారాయన.

"ముహూర్తాలు పెడుతున్నారని ఊరంతా అనుకుంటున్నారు. మీరు బాప్తిస్మం తీసుకున్న మనిషి. కారణం ఉంటే చెప్పండి, వింటాను. లేదంటే దీన్ని పారేయండి. ఈ రెంటిలో ఏదో ఒకటి అయ్యేదాకా బల్ల దగ్గరికి రావద్దు."

"అట్టాగేనండీ."

సూపరింటెండెంటు గారు పంచాంగం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. డ్రెస్సరు గారు దానికి మళ్ళీ అట్ట వేశారు. నేను చార్టులు కింద పెట్టాను.

"ఎందుకు చెప్పలేదండీ? సూదిమందు కోసమని చెబితే అయిపోయేది గదా."

"ఎట్టా అయిపోద్దమ్మా? సూదికి వేళ చూస్తున్నానంటే, ఇదివరకు వేళ ఎవరు తప్పించారని అడుగుతారు. ఆయన ఆఫీసు మనిషి. రెండు కాగితాలూ ఆయన బీరువాలోనే ఉన్నాయి."

"పోనీ పారేసినట్టు చెప్పండి. నేను మా ఇంట్లో చూసి రాసి తెస్తాను."

"మీరు రాసి తెచ్చినా చూసేది నేనే గదండీ. దాచిపెట్టుకుని బల్ల దగ్గర చెయ్యి చాపలేనమ్మా. ఇంకెక్కడైనా అబద్ధం ఆడతానేమో గాని అక్కడ కాదు." అని ట్రే ఎత్తుకుని వార్డులోకి పోయాడు. ఆ రోజు గాయాల్ని పలకరించలేదు.

కంకిపాడు ఆమె ఇంటికి వెళ్ళే రోజున ఆయన కోసం క్యారియర్‌లో అన్నం, గోంగూర పచ్చడి తెప్పించింది. "మీరు మా ఎదుటే తినాలి కట్లాయన గారూ. మూడు నెలలు నా చీము కడిగారు, మీ వాసన నాకేం కొత్త?" అంది. ఆయన చాలాసేపు వద్దన్నాడు. చివరికి మంచం పక్కన నేల మీద కూర్చుని తిన్నాడు. తింటుంటే కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. గోంగూర కారం అన్నాడు. ఆమె వెళ్ళిపోయాక మళ్ళీ గిన్నె పట్టుకుని దొడ్లోకే పోయేవాడు. గాయాలు తొందరగా మానుతున్నాయి కాబట్టి ఎవరూ అన్నాళ్ళు ఉండటం లేదు. తొమ్మిదో రోజున కుట్లు తీయించుకుని, ఆయన మొహం సరిగా గుర్తుపెట్టుకోకుండానే వెళ్ళిపోతున్నారు. చీము తగ్గించినందుకు ఆయనకు మిగిలింది అదీ.

అలా నాలుగు నెలలు గడిచాయి. ఒక మొదటి ఆదివారం ఉండబట్టలేక నేను వాళ్ళ గుడికి వెళ్ళాను. ఎలాగైనా సూపరింటెండెంటు గారితో చెప్పేయాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. నేను వెళ్ళేసరికి లోపల పాట అయిపోయి బల్ల మొదలవుతోంది. డ్రెస్సరు గారు బయటికి వచ్చేసి గోడవార సైకిళ్ళ దగ్గర నిలబడి ఉన్నారు. శనివారం స్నానం మానలేదు. తల నున్నగా దువ్వి, ఉతికిన చొక్కా, నిమ్మచెక్క వాసన. లోపల రొట్టె పంచుతున్నంతసేపూ ఆయన అక్కడ నిలబడేవాడట, అయిపోయాక ప్రార్థనకు మళ్ళీ లోపలికి పోయేవాడట.

"మీరిక్కడికెందుకు వచ్చారు సిస్టరమ్మా?"

"చెప్పేస్తాను. ఇవాళ చెప్పేస్తాను. నా వల్ల మీరిలా బయట నిలబడటం నేను చూడలేను."

ఆయన సైకిల్ సీటు మీద దుమ్ము చేత్తో తుడిచాడు. "పర్మనెంట్ ఆర్డరు వచ్చిందా?"

"ఇంకా లేదు. సంవత్సరం పడుతుందంటున్నారు."

"వచ్చాక చెబుదురుగాని. అప్పుడైతే తిట్టి వదిలేస్తారు. ఇప్పుడైతే తీసేస్తారు. సంవత్సరమెంతండీ, పన్నెండుసార్లే గదా" అన్నాడు. లోపల ఎవరో ప్రార్థన చేస్తుంటే తల వంచి, అది అయ్యాక ఆమెన్ అన్నాడు. తర్వాత నన్ను రిక్షా దాకా దిగబెట్టాడు.

చెప్పొద్దూ, రిక్షా ఎక్కాక నాకు హాయిగా అనిపించింది. చెప్పడానికి వెళ్ళాను, ఆయనే వద్దన్నాడు, ఇంక నా తప్పేముంది అనుకున్నాను.

ఆర్డరు మరుసటి ఏడాది వచ్చింది. ఆయన ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఇంకా చాలా ఏళ్ళు పని చేశాడు. ఏటా ఉగాదికి కొత్త పంచాంగం కొన్నాడు. నేను చెప్పాల్సిన సంగతి మాత్రం నాతో ఒక్కసారి కూడా ఎత్తలేదు. అడిగి ఉంటే బాగుండేది. అడిగినవాళ్ళ మీద కోపమైనా తెచ్చుకోవచ్చు. ఆయన పోయిన కబురు కూడా నాకు ఆర్నెల్ల తర్వాత తెలిసింది.

ఆర్డరు వచ్చిన రోజు శుక్రవారం. బందరు లడ్డులు తెప్పించి వార్డంతా పంచాను. డ్రెస్సరు గారు చివరి మంచం దగ్గర ఒకాయన గాయం కడుగుతున్నారు. పళ్ళెం చూసి, పని ఆపి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, లడ్డును రెండు చేతులతో అందుకున్నారు.

"చాలా సంతోషం సిస్టరమ్మా. ఇంక మిమ్మల్ని ఎవరూ కదపలేరు."

"అవునండీ" అన్నాను.

ఆయన నోట్లో పెట్టుకోలేదు. లడ్డు చేతిలో పట్టుకుని, నా మొహం వంక చూస్తూ, ఇంకా ఏదో ఉందన్నట్టు నిలబడ్డారు. నేను పళ్ళెం పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయాను.

ఆ ఎల్లుండి ఆదివారం, నెలలో మొదటిది. నాకు డ్యూటీ లేదు. తలంటుకుని, అన్నం తిని, సాయంత్రం దాకా పడుకున్నాను.